ఆ చింతచెట్టుకు ఒక నంబరైనా ఇవ్వండి

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ మీద విరుచుకుపడినప్పుడు అఫ్జల్‌గంజ్‌లోని ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ వరదలో వేల మంది కొట్టుకుపోయారు. అలాంటి కష్టం మళ్లీ రాకూడదనే తర్వాత ఉస్మాన్‌సాగర్‌, హిమాయత్‌సాగర్‌ కట్టారు. చెట్టున్న చోట ఉస్మానియా ఆసుపత్రి లేచింది. చింతచెట్టు ఇప్పటికీ ఆ ఆవరణలోనే ఉంది.

కొత్త ఆసుపత్రిని గోషామహల్‌లో కడుతున్నారు. పాత భవనాన్ని ఏం చేయాలన్న దానిపై ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి, కోర్టు కేసులూ నడిచాయి. అవి నడవాల్సిందే. కానీ చెట్టు సంగతేమిటని ఆ వాదనల్లో అడిగినవాళ్లు ఎందరు? భవనాలనే కాదు, రాతిగుట్టలను కూడా వారసత్వ జాబితాలో చేర్చిన నగరం ఇది. రాయికి ఇచ్చిన విలువ మనుషుల్ని బతికించిన చెట్టుకు ఇవ్వలేమా?

నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోమంటుంది. ఆ కాగితం చేతికొస్తే ఎంత పాత చెట్టయినా నేలకూలుతుంది. మహారాష్ట్ర 2021లో తన చట్టాన్ని సవరించి, నగరాల్లో 50 ఏళ్లు దాటిన చెట్లను వారసత్వ వృక్షాలుగా గుర్తించింది. మనకూ అలాంటి నిబంధన కావాలి.

చేవెళ్ల దారినే చూడండి. అప్పా జంక్షన్‌ నుంచి మన్నెగూడ దాకా 900కు పైగా మర్రిచెట్లు. ఆ రోడ్డు వెడల్పు కావాల్సిందే. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్‌ ఆర్టీసీ బస్సును ఢీకొన్నప్పుడు పోయిన ప్రాణాలను తలచుకుంటే, ఆ కుటుంబాల ముందు చెట్ల మాట ఎత్తడానికి నోరు రాదు. అయినా చెప్పక తప్పదు. ఏ చెట్టు ఎక్కడుందో ముందే నమోదై ఉంటే, అలైన్‌మెంట్‌ గీసేటప్పుడే దారి కొంచెం పక్కకు జరిగేది. ఆ మర్రుల కోసం వేసిన కేసుతో పర్యావరణ వివాదాలు వినే గ్రీన్‌ ట్రైబ్యునల్‌లో ఏళ్లు గడిచేవి కావు. రోడ్డూ దక్కేది, మర్రులూ దక్కేవి.

పెకిలించి వేరే చోట నాటుతాం కదా అంటారు. కొమ్మలన్నీ నరికి, మోడును క్రేన్‌కు కట్టి లారీ ఎక్కిస్తారు. గొయ్యి తీసి నిలబెట్టడం ఒక్క రోజు పని. ఆ తర్వాత రెండు మూడు వేసవులు నీళ్లు పోసే నాథుడు లేకపోతే మిగిలేది కట్టె. ఇది చివరి దారి కావాలి తప్ప మొదటి జవాబు కాకూడదు.

శ్రద్ధ పెడితే ఏమవుతుందో మహబూబ్‌నగర్‌ పిల్లలమర్రి చూపించింది. చెదలు తొలిచేస్తున్న ఆ మహావృక్షానికి 2018లో రోగికి పెట్టినట్టే సెలైన్‌ సీసాలు వేలాడదీసి, చుక్క చుక్కగా మందు ఎక్కించారు. ఒరిగిన కొమ్మలకు ఆసరాగా స్తంభాలు కట్టారు. చెట్టు తేరుకుంది.

అదే మన వీధిలో చూడండి. రావిచెట్టు మొదలు దాకా సిమెంటు పోసి టైల్స్‌ పరుస్తారు. చుక్క నీరు దిగడానికి జానెడు మట్టి ఉండదు. బెరడుకు ట్యూషన్‌ సెంటర్‌ బోర్డు, దాని మేకులు. మేకు చుట్టూ జిగురు కారి నల్లగా గడ్డకట్టి ఉంటుంది. గోల్కొండ నయాఖిలాలోని ఏనుగుచెట్టునూ మనం వదల్లేదు. 400 ఏళ్లు పైబడిందని చెప్పే ఆ బావోబాబ్‌ మొదలు చుట్టుకొలత 25 మీటర్లకు పైనే. దాని ఒంటి మీదా పేర్లు చెక్కారు.

ప్రభుత్వం చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. అటవీశాఖ, జీవవైవిధ్య మండలి, నగరపాలక సంస్థ కలిసి పాత చెట్లను లెక్కించాలి. ఒక్కోదానికి నంబరు ఇచ్చి, మ్యాపుల్లో గుర్తు పెట్టాలి. మొదలు చుట్టూ సిమెంటు తవ్వించి మట్టి వదలాలి. ఆ నంబరున్న చెట్టు మీద చేయి వేయాలంటే ఒక అధికారి సంతకం చాలదని చట్టంలో రాయాలి. మొదటి నంబరు ఉస్మానియా చింతచెట్టుకు పడాలి, పాత భవనం పనులకు టెండర్లు పిలిచే రోజు కంటే ముందే.