స్విచ్చెందుకు దండగ, అగ్గిపుల్ల ఉండగా!

ఇంట్లో సొంతంగా ఆంప్లిఫయర్ తయారుచేసుకునేవాళ్లు దానికి ఆన్-ఆఫ్ స్విచ్ కూడా పెట్టాలని కొందరు పట్టుబడుతున్నారు. ఈ ధోరణిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. వైరు చివర్లు పళ్లతో ఒలిచి, సాకెట్ రంధ్రాల్లో దూర్చి, అగ్గిపుల్లలు బిగించడం తాతల నాటి విద్య. దోపితే ఆన్, పీకితే ఆఫ్. ఇంతకు మించి స్విచ్ పొడిచేదేముంది?

నేను కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి టీడీఏ2030 అనే ఆంప్లిఫయర్ ఐసీ కొన్నాను, స్పీకర్ కొన్నాను, వాల్యూమ్ నాబ్ వెండి రంగుదే కావాలని నాలుగు షాపులు తిరిగాను. పవర్ సప్లై దగ్గరికొచ్చేసరికి పొదుపు గుర్తొచ్చింది. (పెళ్లి మండపానికి పోసినంత డబ్బు పురోహితుడికి పొయ్యం కదా, అలాగన్నమాట.) ట్రాన్స్‌ఫార్మర్ 12 వోల్టులది కాబట్టి కరెంటుని నిలకడ చేసే కెపాసిటర్ 16 వోల్టుల దాకా తట్టుకునేది చాలన్నాను. షాపాయన "25ది తీసుకోండి సార్" అన్నాడు. అమ్ముకునేవాడు అలాగే అంటాడని నాకు తెలియదా!

ఏసీలో 12 అంటే పైకి చెప్పే లెక్కేనట. శిఖరం 17 దాకా ఉంటుందట. అందులో ఏసీని డీసీగా మార్చే డయోడ్లు ఒకటిన్నర దాకా తినేసినా, లోడ్ లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ రాసిన దానికన్నా ఎక్కువే ఇచ్చి 16 దాటిస్తుందట. ఈ సంగతులు మా బావమరిది మర్నాడు చెప్పాడు. కెపాసిటర్ ఆ రాత్రే చెప్పింది. ముందు నెత్తి ఉబ్బింది, తర్వాత బుస్సుమంది. లోపలి గదిలోంచి అమ్మ కేకేసింది: "ఏరా, మనింట్లో ఈ నీచు వాసనేంట్రా?"

బావమరిది ఎలక్ట్రీషియన్. అతగాడి పోరు పడలేక చివరికి స్విచ్ కూడా పెట్టాను. ఆఫ్ చేసి, చూడు అన్నాను. అతను జేబులోంచి టెస్టర్ తీసి ట్రాన్స్‌ఫార్మర్ వైరుకి ఆనించాడు. ఎర్రగా వెలిగింది.

"బావా, స్విచ్ కరెంటొచ్చే ఫేజులో కాకుండా తిరిగెళ్లే న్యూట్రల్‌లో పడింది. పాట ఆగింది గానీ 230 వోల్టులూ లోపలే ఉన్నాయి."

అది నా తప్పు కాదు. అగ్గిపుల్లలకే కాదు, రెండు పిన్నుల ప్లగ్గుకీ కులభేదం లేదు, ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది. ఇవాళ స్విచ్ వైపు ఫేజు వచ్చిందా న్యూట్రల్ వచ్చిందా అన్నది మన జాతకం. దానికి శాంతి ఏమిటంటే రెండు వైర్లనీ ఒకేసారి తెంపే డబుల్ పోల్ స్విచ్చట. పైగా ఫేజు వైరులో ఫ్యూజు. ఫ్యూజు పోతే వైరులోంచి రాగి పోగు లాగి చుట్టాలనుకున్నాను. అలా చుడితే ఫ్యూజు మిగిలి ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుందన్నాడు. సర్క్యూట్‌ని స్వీట్లొచ్చిన రేకు డబ్బాలో బిగించాను కాబట్టి డబ్బాకి ఎర్త్ కూడా తప్పదన్నాడు. రేకు డబ్బాకి ఇంత మర్యాదా!

సరే, అన్నీ చేయించాను. డబుల్ పోల్ స్విచ్, ఫ్యూజు, 25 వోల్టుల కెపాసిటర్, మూడు తీగల వైరు. ఫేజు అటూ ఇటూ మారకుండా మూడు పిన్నుల ప్లగ్గు ఒక్కటి తేవాలన్నాడు. కోఠి వెళ్లినప్పుడు తెస్తాను. అప్పటిదాకా పాట ఆగకూడదు కదా. కాకపోతే ఎర్త్ రంధ్రం కాస్త పెద్దది, దానికి మాత్రం రెండు పుల్లలు పడుతున్నాయి.