అనుమానపు మొగుళ్లకు జీతం ఇవ్వాలి

కడపలో మగాళ్లకు పని లేదనేవాళ్లు మే నెలలో ఒక మధ్యాహ్నం ఏడు రోడ్ల కూడలికి వచ్చి చూడాలి. 42 డిగ్రీల ఎండ. కుక్కలు కూడా నీడకు చేరిన వేళ, ఒక మనిషి టీ బంకు పక్కన బండి ఆపి, తలకు టవలు చుట్టుకుని, చీరల కొట్టు గుమ్మం వంకే చూస్తుంటాడు. లోపలున్నది ఆయన భార్యే. ఒక్క చీరకు గంటన్నర ఎందుకన్నది ఆయన పరిశోధనాంశం. (ఏనాడూ ఆమెతో కొట్టు లోపలికి వెళ్లనివాడికి ఆ సందేహం రావడం సహజమే.) పైగా ఏడు రోడ్లు, కాపలాకు ఒక్కడు!

పోలీసులకైనా షిఫ్టులుంటాయి. ఈయనకు రాత్రి డ్యూటీ కూడా ఉంది. ఆమె నిద్రపోయాక మెల్లగా వేలు పట్టుకుని ఫోను లాక్ తీయాలి. పాణిగ్రహణం తర్వాత ఆయన ఆ చెయ్యి పట్టుకున్నది ఈ పని మీదే.

పొద్దున విచారణ.

"రాత్రి పదకొండింటికి ఆన్‌లైన్‌లో ఉన్నావే, ఎవరితో?"

"మా అమ్మతో."

"ఆ టైంలో మీ అమ్మకు ఆన్‌లైన్‌లో ఏం పని?"

ఇప్పుడు అత్తగారి మీద కూడా ఫైలు తెరిచారు.

చట్టం ఈ వర్గాన్ని చిన్నచూపు చూసింది. పాత శిక్షాస్మృతి 497వ సెక్షన్ ప్రకారం భార్యతో సంబంధం పెట్టుకున్నవాణ్ణి భర్త జైలుకు పంపొచ్చు. అదే తప్పు భర్త చేస్తే భార్యకు ఫిర్యాదు హక్కే లేదు. అంత చక్కటి ఏర్పాటును సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టేసింది. పైగా, భర్త భార్యకు యజమాని కాడంది. మనవాళ్లు ఆ పూట అన్నం ముట్టలేదు.

2025 జూలైలో కాస్త ఊరట. భార్యకు తెలియకుండా రికార్డు చేసిన ఫోను మాటలను కూడా విడాకుల కేసులో సాక్ష్యంగా చూడొచ్చని అదే కోర్టు చెప్పింది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టేదాకా వస్తే ఆ కాపురం అప్పటికే చెడినట్టని కూడా చెప్పింది కానీ, అంతవరకూ చదివే తీరిక వీళ్లకెక్కడిది?

భార్యల్లో డిటెక్టివులు లేరా అంటే ఉన్నారు. వంట, నీళ్లు, పిల్లల బడి అయ్యాక మిగిలే టైంలో చొక్కా వాసన చూడటం దాకా వస్తారు, అంతే. ఫుల్‌టైమ్ ఉద్యోగం మగాడిదే.

కాబట్టి ప్రభుత్వం వీళ్లకు జీతం, ఎండ భత్యం, పెట్రోలు ఖర్చు ఇవ్వాలి. ఏళ్ల తరబడి చూసినా ఏమీ దొరకలేదు కదా అని ఆడిట్‌వాళ్లు అడగకూడదు. దొరకలేదంటే ఆమె అంత బాగా దాచిందన్నమాట, డ్యూటీ పొడిగించాలి.

దరఖాస్తు సిద్ధంగానే ఉంది. భార్య సంతకం కూడా అయింది. ఆ సంతకం పెట్టిన పెన్ను ఆమెకు ఎవరిచ్చారో తేలగానే ఆఫీసులో ఇస్తారు.