కోటియా మాదంటారు, జ్వరం ఎవరిదంటే పలకరు

ఏటా వానలు పట్టాయంటే ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఇంటికొకరు మంచం పడతారు. పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ, జయపురం, ఎక్కడికెళ్లినా ఇదే వరస. రొంప, దగ్గు, ఒళ్లు నొప్పులు, మూడు నాలుగు రోజులు వదలని జ్వరం. ఈసారీ ఆస్పత్రుల ఓపీల్లో నిలబడడానికి చోటు లేదు. ఈ జ్వరాల్లో ఫ్లూ లాంటివి ఎన్ని, పోయిన వారం కన్నా పెరిగాయా తగ్గాయా అని అడిగితే మాత్రం గీతకు ఇటు పక్క గానీ అటు పక్క గానీ జవాబు చెప్పే నాథుడు లేడు. మేము ఆరా తీసిన చోట పైకి పంపే నివేదికలో ఆ గడిలో 'నిల్' అని రాసి పంపేశారు. బయట బెంచీల మీద జనం దగ్గుతుంటే లోపల కాగితం మీద జబ్బే లేదు. సరిహద్దులోని కోటియా ఊళ్లు మాదంటే మాదని కోర్టుకెక్కిన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకు ఈ నేల మీది మనుషుల జ్వరం లెక్కలోకి రాకపోవడం ఏం న్యాయం?

సరిహద్దుకు దగ్గర్లోని ఒక ఆరోగ్య కేంద్రంలో మా కళ్లతో చూసింది చెబుతాం. మూడేళ్ల పిల్లను భుజాన వేసుకుని ఒక తల్లి వచ్చింది. "రాత్రంతా ఒళ్లు కాలిపోయింది బాబూ, దగ్గి దగ్గి తాగిన పాలు కక్కేసింది" అని తెలుగులో చెప్పుకుంది. డాక్టరుకు తెలుగు రాదు. మందులిచ్చే కుర్రాడు అందుకుని ఒడియాలో 'జర' అన్నాడు. 'కాశ' అనడం మరిచిపోయాడు. వెనక ఇంకా యాభై అరవై మంది ఉన్నారు, అతన్నీ తప్పు పట్టలేం. చీటీ మీద 'జ్వరం, పారాసెటమాల్ సిరప్' అని పడింది. తల్లి చెప్పిన దగ్గు ఆ గది దాటి బయటికి రాలేదు.

ఒక్క దగ్గు రాయకపోతే ఏమైపోతుందని అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలత ప్రకారం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, ఆపైన జ్వరం ఉండాలి, దగ్గు ఉండాలి, రెండూ పది రోజుల లోపు మొదలై ఉండాలి. అప్పుడే దాన్ని ఫ్లూ లాంటి జబ్బుగా లెక్కిస్తారు. ఆస్పత్రిలో చేర్చాల్సినంత ముదిరితే అది వేరే పద్దు. దగ్గు రాయని చీటీ ఈ లెక్కలోకి రాదు. ఒడిశాలో ఉన్న తెలుగువాళ్లు భాష రాక ఆఫీసుల్లో పడే పాట్లు అందరికీ తెలిసినవే. ఇప్పుడు ఆ పాట్లు జబ్బుల లెక్కను కూడా తప్పిస్తున్నాయి.

ఈ లెక్క కట్టడానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. ఈ వారం ఓపీకి ఎంతమంది వచ్చారు, వాళ్లలో జ్వరం, దగ్గు కలిసి ఉన్నవాళ్లు ఎందరు? నూటికి ఐదుగురు ఉండే చోట పదిహేను మంది అయితే ఏదో తిరుగుతోందని తెలుస్తుంది. అది ఫ్లూనా, కరోనానా, మరొక వైరస్సా అన్నది కొద్దిమంది గొంతులోంచి నమూనా తీసి ల్యాబుకు పంపితే తేలుతుంది. కానీ నిరుడు ఇదే వారం ఎంత ఉందో రాసి ఉంటేనే ఈ ఏడాది ఎక్కువో తక్కువో చెప్పగలం. 'నిల్' రాసిన ప్రతి వారం వచ్చే ఏడాది లెక్కను కూడా చెడగొడుతుంది. జబ్బు లేక సున్నా రాయడం వేరు, చూడకుండా సున్నా రాయడం వేరు. రెండోది అబద్ధం.

దీనికి తోడు సరిహద్దు. పర్లాకిమిడిలో జ్వరం వస్తే పాతపట్నం పోతారు, తగ్గకపోతే టెక్కలి, శ్రీకాకుళం. రాయగడ వాళ్లకు పార్వతీపురం దగ్గర. ఇటు ఇచ్ఛాపురం నుంచి పెద్ద జబ్బంటే బరంపురం మెడికల్ కాలేజీకే పరుగు. జనానికి గీత లేదు, ఎక్కడ వైద్యం దొరికితే అక్కడికి పోతారు. ప్రైవేటు క్లినిక్కుల్లో చాలావరకు ఈ సమాచారం ఎవరికీ పంపరు. ఇక మొదటి ఇంజెక్షన్ వేసే ఆర్‌ఎంపీ అయితే ఏ లెక్కలోనూ లేడు. ఒడిశా మనిషి ఆంధ్రలో దగ్గితే ఒడిశాకు తెలియదు, ఆంధ్ర మనిషి ఒడిశాలో దగ్గితే ఆంధ్రకు తెలియదు.

తెలుసుకునే మార్గం లేదా అంటే ఉంది. జబ్బుల నిఘా కార్యక్రమం దేశంలో 2004 నుంచి నడుస్తోంది. 2018లో దాన్ని ఆన్‌లైన్ వేదికగా మార్చి తొలుత ఏడు రాష్ట్రాల్లో మొదలుపెడితే అందులో ఆంధ్రప్రదేశ్ ఉంది, ఒడిశా ఉంది. 2021 నుంచి దేశమంతటా అదే. ఏఎన్ఎంకు ఒక ఫారం, డాక్టరుకు ఒక ఫారం, ల్యాబుకు ఒక ఫారం. అందరికన్నా ముందు చేరిన రెండు రాష్ట్రాలు తమ ఉమ్మడి గీత మీద మాత్రం ఒకరి తెర ఒకరు చూసుకోరు.

కోటియా సంగతి చూడండి. ఇరవై ఒక్క ఊళ్లు. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకువని ఒడిశా, సాలూరు మండలానివని ఆంధ్ర. 2021 ఫిబ్రవరిలో అక్కడ ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టు తలుపు తట్టింది. ఓటు దగ్గర ఇంత పట్టుదల. మరి ఆ ఊళ్లలో పిల్లలు దగ్గుతుంటే ఆ దగ్గు మాదని ఏ రాష్ట్రమైనా ముందుకొచ్చిందా? ఓటరు మాకే కావాలి, రోగి మాత్రం పక్క రాష్ట్రం చూసుకోవాలి అన్నట్టుంది వ్యవహారం. ఇంతకన్నా పచ్చి కపటం ఉంటుందా?

రోజుకు వంద మందిని చూసే డాక్టరు మీద ఈ రాతకోతలు కూడా ఎందుకని, మామూలు జ్వరం దానంతటదే పోతుందని కొందరంటున్నారు. డాక్టర్ల కష్టం నిజమే. అందుకు ఇంకో మనిషిని వేయాలి, దొంగ సున్నాలు వేయకూడదు. ఇక మామూలు జ్వరమంటారా, ఫ్లూ వల్ల వచ్చే శ్వాస జబ్బులతో ఏటా ప్రపంచంలో 2,90,000 నుంచి 6,50,000 మంది దాకా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు, షుగరు ఉన్నవాళ్లకు గండం ఎక్కువ. ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. ఏం తిరుగుతోందో తెలియని డాక్టరు ఆ రెండు రోజులూ పారాసెటమాల్‌తోనే గడిపేస్తాడు. మన దగ్గర ఫ్లూ ఏడాదికి రెండుసార్లు ఎగుస్తుంది, జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానల్లో, వానల తర్వాత ఒకసారి. టీకా ఎప్పుడు వేయాలి, మందులు ఎప్పుడు తెప్పించాలి అన్నది ఈ లెక్క చెప్పాలి.

కొండల్లో లెక్క కుదరదన్న సాకూ చెల్లదు. మలేరియా మీద ఇదే ఒడిశా 2017లో 'దమన్' పేరుతో ఆశా దీదీలను కొండ మీది గూడేలకు పంపి, జ్వరం లేని వాళ్లకు కూడా రక్తపరీక్ష చేయించింది. 2018కల్లా కేసులు 80 శాతం పైగా పడిపోయాయి. మలేరియాకు వెళ్లిన కాళ్లే కదా ఇవి! అప్పుడు దారి దొరికిన గూడేనికి ఇప్పుడు దారి లేదంటే నమ్మమంటారా?

గజపతి, రాయగడ, కోరాపుట్, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం. ఈ ఐదు జిల్లాల నిఘా అధికారులు వారానికొకసారి ఒక ఫోన్ కాల్‌లో కూర్చుని ఓపీ లెక్కలు ఒకరికొకరు చెప్పుకోవడానికి ఏ సుప్రీంకోర్టు అనుమతీ అక్కర్లేదు. ఓపీ చీటీ మీద జ్వరం, దగ్గు, ఎన్ని రోజులు, ఏ ఊరు అని నాలుగు గడులు తెలుగులో, ఒడియాలో అచ్చు వేయించడానికి ఎంతవుతుంది? సరిహద్దు ఆరోగ్య కేంద్రాల్లో తెలుగు తెలిసిన ఒక మనిషిని ఓపీ గదిలో కూర్చోబెట్టడానికి ఎన్ని ఫైళ్లు కదలాలి? ఈ వానాకాలంలోనే చేయాల్సిన పనులివి. ఇవి చేతకాని ప్రభుత్వాలు, ఏ వైపువైనా సరే, రేపు కోటియాలో మళ్లీ బోర్డు పాతడానికి వెళ్లినప్పుడు ముందు ఆ ఊరి ఓపీ రిజిస్టరు చేత్తో పట్టుకుని వెళ్లాలి.