పదో క్రోమోజోము వాస్తవ్యులు సీడీకే1 గారికి

మహారాజశ్రీ సీడీకే1 గారికి,

నమస్కారాలు. మీరు కణ విభజనను నడిపే జన్యువు, కణంలో తిరిగి పని చేసేది మీరు పుట్టించిన ఎంజైము అని తెలుసు. ఇద్దరికీ పేరు ఒకటే కనుక ఫిర్యాదు కూడా కలిపే రాస్తున్నాను. పంచుకోండి.

ముందు వంశప్రతిష్ఠ సంగతి తేల్చుకుందాం. మనిషి జన్యువు అనగానే మేము కాస్త ఛాతీ విరుచుకుంటాం. కవిత్వం రాసేవాళ్లం, చంద్రుడి మీద కాలు పెట్టినవాళ్లం, మా కణాన్ని నడిపే పెద్దమనిషి ఎంత ప్రత్యేకంగా ఉండాలి! 1987లో పాల్ నర్స్, మెలనీ లీ అనే శాస్త్రవేత్తలు కలిసి ఆ పరువు కాస్తా తీసేశారు. సీడీసీ2 అనే జన్యువు చెడిపోయి, విభజన నిలిచిపోయిన ఈస్ట్ కణాల్లోకి మనిషి జన్యువులను వదిలారు. వాటిలోంచి మీరు ఏ బిడియమూ లేకుండా ముందుకొచ్చి, ఆ ఈస్ట్ పని అందుకున్నారు. అది చక్కగా చీలి సంతానాన్ని పెంచుకుంది. దానికీ మాకూ దారులు వేరుపడి వంద కోట్ల ఏళ్లకు అటూ ఇటూ అయి ఉంటుంది. ఇన్నేళ్లలో కాస్తయినా దర్పం అబ్బలేదా? “నేను మనుషుల ఇంటి జన్యువును, శిలీంధ్రాల కొలువులో చేరను” అని ఒక్క మాట అనలేకపోయారా? పైగా ఈ పరిశోధనలకు 2001లో నర్స్‌కు, లీలాండ్ హార్ట్‌వెల్, టిమ్ హంట్‌లతో కలిపి నోబెల్ కూడా ఇచ్చారు. మా పరువు తీసినవారికి సన్మానం!

ఇక మీ అధికారం. కణ విభజనకు సర్వాధికారి అని పుస్తకాల్లో మిమ్మల్ని ఆకాశానికెత్తుతారు. దగ్గరికి వెళ్లి చూస్తే 297 అమైనో ఆమ్లాల గొలుసు. ఒంటరిగా ఉన్నప్పుడు మీ వల్ల పూచికపుల్ల కూడా కదలదు. సైక్లిన్ బీ అనే ప్రోటీన్ వచ్చి చేయి పట్టుకోవాలి. పట్టుకున్నా, వీ1 అనే మరో ఎంజైము మీ 15వ స్థానంలోని టైరోసిన్‌కు ఫాస్ఫేటు తగిలించి నోరు మూయిస్తుంది. పక్కనే 14వ స్థానంలో ఇంకో ఫాస్ఫేటు. సీడీసీ25 అనే ఇంకో ఎంజైము వచ్చి ఆ రెండూ ఊడబీకాలి. 161వ స్థానంలో మాత్రం ఫాస్ఫేటు ఉండి తీరాలి! అంటే ఒకచోట అది ఉంటే మీరు పని చేయరు, మరోచోట లేకపోతే పని చేయరు. సర్వాధికారి అంటే ఇదేనా? మా ఇళ్లలోనూ ఇలాంటి సర్వాధికారులు ఉన్నారు లెండి, పేర్లు చెప్పను.

అడ్డంకులన్నీ తొలగాయా, ఇక మిమ్మల్ని పట్టేవారు లేరు. కేంద్రకం పొరకు లోపలివైపు లామిన్లు అనే ప్రోటీన్లు అల్లుకుని ఉంటాయి. మీరు వాటికి ఫాస్ఫేట్లు అంటించగానే అల్లిక సడలి, చూస్తుండగానే పొర ముక్కలైపోతుంది. అటు కండెన్సిన్లు అనే ప్రోటీన్లను తట్టి లేపుతారు. అంతవరకూ తీరిగ్గా పరుచుకుని ఉన్న 46 క్రోమోజోముల పోగులు చుట్టలు చుట్టుకుని బిగుసుకుంటాయి. ఇంత కూల్చివేత నా ఒంట్లో ఎక్కడో ఒకచోట ప్రతి క్షణం జరుగుతూనే ఉంది. నన్ను ఒక్క మాటైనా అడిగారా?

అయితే ఒక విషయంలో మాత్రం మిమ్మల్ని మెచ్చుకోక తప్పదు. పదవిలో ఉండగానే ఏపీసీ అనే యంత్రాంగాన్ని మీరే పనికి సిద్ధం చేస్తారు. అది సైక్లిన్ బీకి చావు చీటీ అంటిస్తుంది. సైక్లిన్ పోతుంది, దానితోపాటే మీ పదవీ పోతుంది. కేంద్రకం పొర మళ్లీ అల్లుకుంటుంది, ఈసారి రెండు కణాల్లో. తనను దించేవాళ్లకు తానే నియామక పత్రాలిచ్చే అధికారిని బయటి లోకంలో మేమింకా చూడలేదు.

మీ బలగం ధీమా వేరే. 2007లో ఎలుక పిండాల్లో మీ సోదరులు సీడీకే2, 3, 4, 6 నలుగురినీ తీసేసి చూశారు. మీరొక్కరే సైక్లిన్లన్నిటితో జతకట్టి, గర్భకాలం సగం దాకా అవయవాలు రూపుదిద్దుకునేలా నెట్టుకొచ్చారు. అదే మిమ్మల్ని తీసేస్తే పిండం తొలి విభజనల దగ్గరే ఆగిపోయింది. అందుకే మందులు చేసేవాళ్లు ముందు మీ తమ్ముళ్ల మీద పడ్డారు. సీడీకే4, 6లను అణిచే పాల్బోసిక్లిబ్ అనే మందు 2015లోనే రొమ్ము క్యాన్సర్ చికిత్సకు వచ్చింది. మీ మీద చేయి వేయాలంటే మాత్రం వెనకాముందూ చూడాలి. క్యాన్సర్ కణం మీ మీద ఆధారపడినట్టే పేగు పొర, ఎముక మజ్జ కూడా మీ మీదే ఆధారపడి ఉన్నాయి. దొంగకూ దొరకూ ఒకే కొలువు చేస్తే మిమ్మల్ని ఏ నేరం కింద పట్టుకోవాలి?

చివరగా ఒక విన్నపం. చర్మంలో, పేగుల్లో, మజ్జలో క్షణం తీరిక లేకుండా ఉంటారే, పెద్దయ్యాక గుండె కండరం వైపు మాత్రం దాదాపు కన్నెత్తి చూడరెందుకు? అక్కడ కణాలు చచ్చిపోతే వాటి స్థానంలో మచ్చ మిగులుతోంది. 2018లో మిమ్మల్నీ, సీడీకే4నూ, సైక్లిన్ బీ1, డీ1లతో కలిపి గుండెపోటు తెప్పించిన ఎలుకల గుండెల్లోకి పంపితే, అక్కడి కణాలు చీలాయి, గుండె పనితీరు మెరుగుపడింది. ఈస్ట్‌కు చేశారు, ఎలుకకు చేశారు, ఇంటివాళ్లకు మాత్రం చేయరా? కాకపోతే వచ్చినప్పుడు ఆ ఏపీసీని వెంటబెట్టుకునే రండి, పని కాగానే దిగిపోండి. గుండెకు కొట్టుకోవడమనే వేరే ఉద్యోగం ఉంది.

ఇట్లు,
ఈ ఒంటికి పేరుకు మాత్రమే యజమాని