చక్రం ఆగితే కాలం ఆగుతుంది

కాలం అంటే ఏమిటో తేల్చడానికి మనుషులు వేల ఏళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్నారు. నదిలా పారుతుందన్నారు కొందరు. చక్రంలా తిరుగుతుందన్నారు మరికొందరు. ఈ రెండో రకం వాళ్లు సత్యానికి చాలా దగ్గరిదాకా వచ్చారు పాపం, ఆ చక్రం ఏ బండిదో మాత్రం చెప్పకుండా వదిలేశారు. సరుకు రవాణా వ్యాపారం ఆ లోటు తీర్చింది. అది లారీ చక్రం. తిరిగినంతసేపే కాలం. అది ఆగిందా, గోడ మీద ముల్లు ఎన్ని చుట్లు చుట్టినా కాలం గడిచినట్టు లెక్క కాదు.

వేదాంతం చెబుతున్నాననుకోకండి, జీతాల లెక్క చెబుతున్నాను. దూరప్రయాణాలు చేసే లారీ డ్రైవర్లలో చాలామందికి గంటల లెక్కన డబ్బు రాదు. కిలోమీటరుకి ఇంత, మైలుకి ఇంత, ట్రిప్పుకి ఇంత. గోడౌను గేటు ముందు ఆరు గంటలు ఎదురుచూసిన డ్రైవరు ఆ ఆరు గంటల్లో నడిపింది సున్నా కిలోమీటర్లు. సున్నాని ఏ రేటుతో గుణించినా వచ్చేది సున్నాయే. ఇందులో అన్యాయం ఎక్కడుందో ఎక్కాలు వచ్చినవాళ్లెవరైనా చూపించండి.

గిట్టనివాళ్లు ఆ గేటు దగ్గర జరిగేది వర్ణించి మన మనసు కరిగించాలని చూస్తారు. వాళ్లకి ఆ అవకాశం ఎందుకు, నేనే చెప్పేస్తాను. పొద్దున 8 గంటలకి అపాయింట్‌మెంట్. ఏడున్నరకే బండి గేటు ముందు ఉంటుంది, ఎందుకంటే ఎనిమిదీ పదికి వస్తే ఆలస్యం, మళ్లీ స్లాటు రేపే. కిటికీలో కాగితాలు పెడితే లోపలి మనిషి తలెత్తకుండా "పిలుస్తాం" అంటాడు. ఎప్పుడని అడగడం మర్యాద కాదు. తొమ్మిదవుతుంది, పదకొండవుతుంది. కాసేపు నడుం వాలుద్దామంటే, పిలిచినప్పుడు బండి కదలకపోతే వరస పోతుంది. దిగి లోపలికి వెళ్దామంటే బాత్రూం తలుపు మీద "సిబ్బందికి మాత్రమే" అని బోర్డు. ఆ గోడౌనులో ఉన్న సరుకంతా మోసుకొచ్చినవాడు సిబ్బంది కిందికి రాడు. మధ్యాహ్నం రెండింటికి పిలుపొస్తుంది. దింపడానికి పట్టేది నలభై నిమిషాలు.

బండి కదల్లేదు కాబట్టి ఇది పని కాదు. కన్ను మూయలేదు కాబట్టి విశ్రాంతీ కాదు. మన పురాణాల్లో దీనికి సరిపోయే చోటు ఒక్కటే ఉంది, త్రిశంకు స్వర్గం. తలకిందులుగా వేలాడితే వేలాడాడు గానీ, త్రిశంకుడి తరఫున పట్టుబట్టడానికి విశ్వామిత్రుడంతటివాడు ఉన్నాడు. డ్రైవరు పక్కన ఉండేది ఖాళీ సీటు.

హాల్టింగ్ ఛార్జీలు లేవా అని అడుగుతారు. ఎందుకు లేవు, ఉన్నాయి. అమెరికాలో మొదటి రెండు గంటల ఎదురుచూపు ఉచితమని ఒప్పందాల్లో రాసుకోవడం ఆనవాయితీ. ఉచితం సరుకు యజమానికి. ఆ దానం చేసేది మాత్రం, ఆ ఒప్పందం మీద సంతకమే పెట్టని డ్రైవరు. కర్ణుడు కూడా తన కవచమే కోసి ఇచ్చాడు, పక్కవాడిది ఇవ్వలేదు. వ్యాపారం ఇంకో మెట్టు ఎక్కింది. ఇక రెండు గంటలు దాటాక పడే ఛార్జీ ట్రాన్స్‌పోర్టు కంపెనీకి వస్తే రావచ్చు, అక్కడినుంచి డ్రైవరు దాకా పారితే పారవచ్చు. కాలువ చివరి మడికి నీళ్లు అందడం ఎంత గ్యారంటీయో, ఇదీ అంతే గ్యారంటీ.

ఈ ఏర్పాటు అందం లెక్కలు చూసేవాళ్లకే తెలుస్తుంది. నాలుగు బండ్లు ఒకేసారి దింపాలంటే నాలుగు జట్ల హమాలీలు కావాలి, వాళ్లకి కూలి ఇవ్వాలి. ఒక్క జట్టుతో సరిపెట్టుకుంటే మిగిలిన మూడు బండ్లు వరసలో నిలబడతాయి. అలా నిలబెట్టినందుకు ఎవరి జేబులోంచీ దమ్మిడీ పోదు. ఊరికే వచ్చేదాన్ని పొదుపుగా వాడే తెలివితక్కువవాళ్లు వ్యాపారంలో నిలవరు.

చిక్కల్లా ఈ కాలజ్ఞానం ప్రభుత్వాలకి ఇంకా పూర్తిగా ఎక్కకపోవడమే. వాళ్ల దగ్గర ఆగని గడియారం ఒకటుంది. అమెరికా నిబంధనల ప్రకారం డ్యూటీ ఎక్కినప్పటినుంచి 14 గంటల్లోపే బండి నడపాలి, అందులో స్టీరింగ్ మీద 11 గంటలు మించకూడదు. గేటు ముందు ఎదురుచూసిన సేపు కూడా మామూలుగా ఆ 14 గంటల్లోంచే పోతుంది. అంటే అవే ఆరు గంటలు జీతం గడియారంలో లేవు, చట్టం గడియారంలో ఉన్నాయి. ఒకే మనిషి, ఒకే సీట్లో, రెండు కాలాల్లో కూర్చున్నాడు. ఇంతటి సిద్ధి హిమాలయాల్లో తపస్సు చేసినవాళ్లకి కూడా దొరికిందో లేదో.

పోయిన గంటల్ని ఎక్కడో ఒకచోట వెతుక్కోవాలి కదా. కొంత వేగంలో దొరుకుతుంది, మిగతాది నిద్రలో. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులిద్దరు మనుషుల్ని మేలుకోబెట్టి చూశారు. 17 గంటలు ఏకబిగిన మెలకువగా ఉన్న మనిషి కంటికీ చేతికీ పొత్తు తగ్గిపోయి, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానమవుతాడని తేల్చారు. చాలా దేశాల్లో ఆ పైన బండి నడిపితే కేసు. తక్కువ జీతాలిస్తే డ్రైవర్లు తాగుడికి దూరంగా ఉంటారని వాదించే పెద్దమనుషులకి నా పూర్తి మద్దతు. మందు కొనుక్కోనక్కర్లేకుండానే తాగిన ఫలితం అందుతున్నప్పుడు ఎవరు మాత్రం ఖర్చు పెడతారు?

అంతసేపు నడపమని ఎవరన్నారు, అతనే నడుపుతున్నాడు, అని నా మిత్రుడొకాయన అంటాడు. ఆయనకి ట్రాన్స్‌పోర్టు వ్యాపారం లేదు, అయినా అంటాడు. నిజమే మరి. రేటు తక్కువ కాబట్టి ఇల్లు గడవడానికి ఎక్కువ కిలోమీటర్లు నడుపుతాడు. అందరూ అలాగే నడుపుతారు కాబట్టి రేటు పెంచాల్సిన పని ఎవరికీ పడదు. స్వేచ్ఛ అంటే ఇదే, మెడకి తాడు ఎవరూ కట్టరు, ఎవరి తాడు వాళ్లే తెచ్చుకుంటారు. యూరప్ వాళ్లకి కొంచెం అనుమానం వచ్చి, దూరాన్ని బట్టో సరుకుని బట్టో డబ్బివ్వడం రోడ్డు భద్రతకి ముప్పు తెచ్చేలా ఉంటే నిషిద్ధమని చట్టంలో రాశారు. "ముప్పు తెచ్చేలా ఉంటే" అన్న ఆ సందులోంచి నలభై టన్నుల లారీ పక్క అద్దాలు మడవకుండానే దూరిపోతుంది.

చట్టాలు లేవని మాత్రం ఎవరూ అనలేరు. భారతదేశం 1961లోనే మోటారు రవాణా కార్మికుల కోసం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసింది. అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కార్మికులున్న సంస్థలకే ఆ చట్టం వర్తిస్తుందనీ అందులోనే రాసింది. ఒకటి రెండు బండ్ల ఓనర్లతో నిండిన రంగంలో నలుగురి దగ్గర ఆగిపోవడం ఎంత తేలికో ఆలోచించండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో జెనీవాలో రోజుకి 9 గంటలకు మించి నడపకూడదని ఒడంబడిక రాసింది. దాన్ని ఆమోదించిన దేశాలు చాలా కొద్ది. మిగతావి ఆలోచిస్తున్నాయి, తొందరేముంది, చక్రం ఆగింది కదా. అమెరికా 1938లో వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు జీతమని చట్టం చేస్తూ, రాష్ట్రాలు దాటే సరుకు డ్రైవర్లని పక్కన పెట్టింది. వాళ్ల పనిగంటల సంగతి వేరే శాఖ చూసుకుంటుందన్నది కారణం. ఆ శాఖ గంటలే చూసుకుంది. డబ్బుల సంగతి చూడమని దానికెవరూ చెప్పలేదు.

జపాన్ కథ మాత్రం తీరుబడిగా చెప్పుకోవాలి. 2019 నుంచి అక్కడ ఉద్యోగులకి ఓవర్‌టైమ్ పరిమితులు మొదలయ్యాయి. ఎంత పని ఒత్తిడి ఉన్నా ఏడాదికి 720 గంటలు దాటకూడదు. లారీ డ్రైవర్లకి అయిదేళ్లు గడువిచ్చారు. వేళకి ఇంటికెళ్లడం నేర్చుకోవడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది, ఒక్కసారిగా వెళ్తే పిల్లలు జడుసుకుంటారు. 2024 ఏప్రిల్‌లో వాళ్లకీ పరిమితి వచ్చింది, 720 కాదు, 960 గంటలు. పన్నెండుతో భాగించి చూడండి, నెలకి 80. ఆ దేశంలో అతిపనితో చచ్చిపోవడానికి కరోషి అని ప్రత్యేకంగా పేరుంది. గుండె ఆగి చనిపోయినవాడు కొన్ని నెలలపాటు సగటున నెలకి 80 గంటలు అదనంగా పనిచేసి ఉంటే, చావుకీ పనికీ సంబంధం గట్టిదని అక్కడి ప్రభుత్వమే ఒప్పుకుంటుంది. చూశారా ఎంత కచ్చితమైన కొలతో! గీత అవతలికి తొయ్యలేదు, ఇవతలికి లాగలేదు, సరిగ్గా గీత మీద నిలబెట్టారు. ఈ పరిమితివల్ల సరుకు కదలదేమోనని దేశమంతా టెన్షన్ పడి దానికి "2024 సమస్య" అని పేరు పెట్టుకుంది. డ్రైవర్లు అంతకుముందు అన్ని గంటలు నడిపిన కాలానికి మాత్రం పేరేమీ పెట్టినట్టు లేదు. సమస్య అయితే కదా పేరు.

కాలం లేదని చెప్పగలిగినవాళ్లు జీతం కూడా లేదని చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. 2023 వసంతంలో జర్మనీలోని గ్రాఫెన్‌హౌజెన్ దగ్గర హైవే పక్కన అరవైమంది దాకా డ్రైవర్లు బండ్లు ఆపేశారు. ఎక్కువమంది జార్జియా, ఉజ్బెకిస్తాన్‌ల వాళ్లు, నడిపేది పోలండ్ కంపెనీ బండ్లు, తిరిగేది పశ్చిమ యూరప్ రోడ్ల మీద. ఒక్క జీతం బకాయి మీద ఇన్ని దేశాలు కలిశాయంటే ప్రపంచీకరణని ఇంక ఎవరూ తప్పు పట్టలేరు. యజమాని వచ్చాడు. డబ్బుతో కాదు లెండి, ప్రైవేటు సెక్యూరిటీ మనుషులతో, కవచం తొడిగిన బండితో, తన లారీలు తను తీసుకుపోవడానికి. గమనించాల్సిందేమంటే, ఆ కవచం బండికీ, దాంట్లో వచ్చిన మనుషులకీ ఇవ్వడానికి మాత్రం యజమాని చేతిలో డబ్బులున్నాయి. చివరికి పోలీసులు యజమానినీ అతని మనుషుల్నీ అదుపులోకి తీసుకున్నారు, కొన్ని వారాలు రోడ్డు పక్కనే బతికిన డ్రైవర్లకి బకాయిలు అందాయి. అదే ఏడాది వేసవిలో అదే చోట బండ్లు మళ్లీ ఆగాయి. ఈసారి కొందరు తిండి కూడా మానేశారు. చక్రాలు ఆపితే కాలం పుడుతుందని, పుట్టి వార్తల్లోకి కూడా ఎక్కుతుందని వాళ్లు నిరూపించడం నా సిద్ధాంతానికి కొంత ఇబ్బందిగానే ఉంది.

దక్షిణ కొరియాలో ఆ ఇబ్బందిని చక్కగా పరిష్కరించారు. 2022 చివర్లో కనీస కిరాయి నిబంధనకి గడువు తీరిపోతోందని డ్రైవర్లు సమ్మెకి దిగితే, మీరు కార్మికులే కాదు, ఎవరి బండికి వాళ్లే యజమానులు, యజమానులు సమ్మె చేయడమేమిటని ప్రభుత్వం ఆశ్చర్యపోయింది. ఆ తర్వాత, వెంటనే పనిలోకి దిగండి, లేకపోతే జైలు అని ఉత్తర్వులిచ్చింది. యజమానిని పనిలోకి రమ్మని ఆజ్ఞాపించగలిగిన ప్రభుత్వాన్ని చరిత్రలో నేనింకెక్కడా చూడలేదు.

ఇన్ని సౌకర్యాలుండగా డ్రైవర్లు దొరకడం లేదని ప్రతి సమావేశంలో గోల. అమెరికాలో పెద్ద కంపెనీల్లో ఏటా మానేసే డ్రైవర్లు మొత్తం సంఖ్యలో 90 శాతం చుట్టుపక్కల ఉన్న ఏళ్లు చాలానే ఉన్నాయి. కుండకి చిల్లుందని కొందరంటారు. నేనలా అనను, నీళ్లలో నిలకడ లేదంటాను. కొరత తీర్చడానికి అక్కడ 18 ఏళ్ల పిల్లల్ని కూడా రాష్ట్రాలు దాటించి చూద్దామని 2021 చట్టంతో ఒక ప్రయోగం పెట్టారు. మంచి ఆలోచన. సున్నాతో గుణకారం అర్థమయ్యే వయసు రాకముందే పిలుచుకోవాలి. ఈలోపు క్యాబిన్‌లో కెమెరాలు వచ్చాయి. డ్రైవరు ఆవులిస్తే ఆఫీసుకి కబురు వెళ్తుంది. గేటు ముందు ఆరు గంటలు కూర్చుంటే కబురు పంపే కెమెరా ఇంకా ఎవరూ కనిపెట్టలేదు, అది సాంకేతికంగా చాలా కష్టమట.

ఈ వ్యాసం సగంలో ఉండగా లేవాల్సి వచ్చింది. నేను ఆర్డరు పెట్టిన పుస్తకాల బీరువా పది నుంచి పదకొండు మధ్య వస్తుందని మెసేజ్. పదకొండైంది, రాలేదు. నలభై నిమిషాలు, అక్షరాలా నలభై నిమిషాలు, ఏ పనీ చేసుకోలేక, పడుకోలేక గుమ్మంలో కూర్చున్నాను. ఎదురుచూపు ఎంత నరకమో మీకేం తెలుస్తుంది! కంపెనీకి ఫోన్ చేసి కడిగేశాను. నా టైమ్‌కి విలువ లేదా అని అడిగాను. ఉందండీ, క్షమించండి అన్నారు, అయిదు నిమిషాల్లో ఒక కూపన్ పంపించారు. బీరువా దింపిన డ్రైవరు కళ్లు ఎర్రగా ఉన్నాయి. గోడౌను దగ్గర ఆలస్యమైందని ఏదో చెప్పబోయాడు గానీ, నేను అప్పటికే ఫోన్లో అతనికి ఒక స్టార్ ఇచ్చేశాను.