రెండు తులాల థైరాయిడ్ గ్రంథి వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ థైరాయిడ్ గ్రంథి వారి సముఖమునకు, తమరిని యాభై రెండేళ్ళుగా మెడలో మోస్తున్న మనిషి నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మన పెద్దల ఆనవాయితీ. నిన్న నా చేతికి వచ్చిన రక్తపరీక్ష కాగితంలో టీఎస్‌హెచ్ అనే తమరి తాలూకు అంకె 11.6 అని అచ్చయి ఉన్నందువల్ల, ఆ మాట వాడే అర్హత మనిద్దరిలో ఎవరికీ లేదు. నాలుగు దాటకూడని అంకె అది. ఆ కాగితం పట్టుకుని మధ్యాహ్నం రెండున్నర నుంచి ఆరున్నర వరకు, 43వ నంబరు టోకెనుతో, తిరగని ఫ్యాను కింద కూర్చున్నాను. డాక్టరుగారు నాతో గడిపింది మూడు నిమిషాలు. అందులో ఒక నిమిషం మెడ మీద వేళ్ళు ఆనించి, "గుటక వేయండమ్మా" అన్నారు. నేను గుటక వేయగానే మీరు బుద్ధిమంతుల్లా పైకి లేచి కిందికి దిగారు. ఆ ఒక్క పని మాత్రం పదకొండేళ్ళుగా ఠంచనుగా చేస్తున్నారు, సంతోషం.

మీ బరువు సుమారు ఇరవై గ్రాములట. అంటే బంగారం కొట్టువాళ్ళ లెక్కలో రెండు తులాలు. మెడలో రెండు తులాల గొలుసు ఉంటే పెళ్ళికి వచ్చిన ప్రతి బంధువుకూ తెలుస్తుంది. రెండు తులాల గ్రంథి ఉందన్న సంగతి మాత్రం నలభై ఒకటో ఏడు దాకా నాకే తెలియదు. అది తెలిసేలోపు రోహిణి కార్తెలో దుప్పటి కప్పుకున్నాను, దువ్వెనకు వచ్చిన జుట్టుతో సవరం కట్టుకోవచ్చు అనిపించుకున్నాను, తినకపోయినా ఒళ్ళు చేసినందుకు "సుఖపడుతున్నావే" అన్న ఆడపడుచుకు నవ్వుతూ కాఫీ ఇచ్చాను. చివరికి పరీక్ష చేయిస్తే, "నీకు థైరాయిడ్ వచ్చిందట గదా" అని ఊరంతా పరామర్శించింది. థైరాయిడ్ పుట్టుకతోనే వచ్చిందనీ, ఇప్పుడు వచ్చినది దాని సోమరితనమనీ ఎంతమందికని చెప్పను?

తమరి కార్యాలయ వ్యవహారం నేను కొంత చదివి తెలుసుకున్నాను. మెదడు అడుగున హైపోథాలమస్ అనే పెద్ద దొరగారు ఉంటారు. ఆయన తన కింది పిట్యూటరీ గ్రంథికి చెబుతారు, పిట్యూటరీ వారు టీఎస్‌హెచ్ అనే తాఖీదును రక్తంలో వేసి మీకు పంపుతారు. మీరు ఆ తాఖీదు అందుకుని, అయొడిన్ తగిలించిన హార్మోను తయారుచేసి వదలాలి. రక్తంలో ఆ సరుకు చాలినంత కనబడితే పైవాళ్ళు తాఖీదులు తగ్గిస్తారు, కనబడకపోతే పెంచుతారు. అందువల్ల 11.6 అన్నది మీ పనితనానికి వచ్చిన మార్కు కాదు, మీరు పట్టించుకోని తాఖీదుల గుట్ట. "అంకె పెరిగిందంటే థైరాయిడ్ బాగా పనిచేస్తోందన్నమాట" అని మా పక్కింటి పిన్నిగారు భరోసా ఇచ్చారు. ఆ లెక్కన బకాయి నోటీసులు ఎక్కువ వచ్చినవాడే ఊళ్ళో భాగ్యవంతుడు కావాలి.

ముడిసరుకు అందలేదన్న సాకు దయచేసి చెప్పవద్దు. మీకు రోజుకు కావలసిన అయొడిన్ 150 మైక్రోగ్రాములు. మా శ్రీకాకుళంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి గారు 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో అధ్యయనం మొదలుపెట్టి, కొన్ని ప్రాంతాలకు అయొడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు అందేలా చేసి, అయొడిన్ ఉప్పు తిన్నచోట గొంతువాపు తగ్గుతుందని నిరూపించారు. ఆనాటి నుంచి దేశమంతా మీ కోసం ఉప్పు మార్చుకుంటూ వచ్చింది. నా వంటింటి డబ్బాలో ఉన్నదీ ఆ ఉప్పే. పైగా మిగతా గ్రంథులేవీ దాచుకోనంతగా, రెండు మూడు నెలలకు సరిపడా సరుకు దాచుకునే గాదె మీకు ఉంది. ఇంత ఏర్పాటు ఉండి కూడా నెల జీతానికి నెలలో సగం రోజులే ఆఫీసుకు వచ్చే ఉద్యోగిలా ప్రవర్తించడం తమకు తగునా?

సరే, ఇవన్నీ మన్నిస్తాను. మన్నించలేనిది కాఫీ సంగతి.

మీ బదులు పనిచేసే 75 మైక్రోగ్రాముల మందు ఒక పంచదార పలుకు కంటే తేలిక. దాని గీర మాత్రం ఇంత అంత కాదు. పరగడుపున మంచినీళ్ళతోనే వేసుకోవాలి, ఆ తరువాత గంట వరకు కాఫీ తాగకూడదు. తాగితే పేగులు మందును సరిగ్గా లోపలికి తీసుకోవు. నేను రాత్రి పడుకునే ముందు ఫిల్టరులో పొడి అదిమి వేడినీళ్ళు పోసి ఉంచేదాన్ని. అయిదున్నరకు లేచేసరికి కింది గిన్నెలో నల్లటి చిక్కటి డికాషన్ దిగి, మూత తీయగానే ఇల్లంతా వాసన. పదకొండేళ్ళుగా ఆ వాసన పీలుస్తూ, గడియారం చూస్తూ కూర్చున్నాను. లెక్క వేశాను: నాలుగు వేల పై చిలుకు గంటలు, అంటే రాత్రింబవళ్ళు కలిపి అయిదున్నర నెలలు. మా ఆయన ఎదురుగా కూర్చుని సర్రున చప్పుడు చేస్తూ తాగుతూ ఉండగా గడిపిన అయిదున్నర నెలలు.

ఇంత తపస్సు చేసిన తరువాత నిన్న డాక్టరుగారు అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసునా? "టిఫినుతో పాటు ఇంకేమైనా మాత్ర వేసుకుంటున్నారా?" మోకాళ్ళ నొప్పులకని ఎండాకాలం నుంచి కాల్షియం వేసుకుంటున్నాను. దానికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలట. లేకపోతే కాల్షియం ఈ మందును పేగులోనే పట్టేసుకుంటుందట. అంటే వీధి గుమ్మంలో పిల్లిని అదిలిస్తూ కూర్చుని, పెరటి తలుపు బార్లా తెరిచిపెట్టాను! ఇన్ని నెలల పాటు తాగకుండా ఆపుకున్న ఆ కాఫీలన్నీ బూడిదలో పోసిన పన్నీరు. (జుట్టు కోసం వేసుకున్న బయోటిన్ అనే విటమిను కూడా కొన్ని రక్తపరీక్ష యంత్రాలను ఏమార్చి, మీ గురించి తప్పుడు సాక్ష్యం చెబుతుందని అప్పుడే తెలిసింది. మీ చుట్టూ చేరినవాళ్ళందరూ ఇంతే.) రక్తంలో ఈ థైరాయిడ్ మందు సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది కనుక, మార్పు కుదురుకుందో లేదో చూడాలంటే ఇంకో ఆరు వారాలు ఆగాలి. ఆరు వారాలు! నీకు సిగ్గనేది లేదూ? రెండు తులాల ముద్దవు, రోజుకు ఇసుక రేణువంత పని చేయలేక నా తెల్లవారుజాములన్నీ తినేశావు. ఒళ్ళు మండిపోతోంది అందామంటే, ఆ ఒళ్ళు వెచ్చబడటానికి కూడా నీ సంతకమే కావాలి.

కాస్త ఎక్కువ మాట్లాడాను. నిజం చెప్పాలంటే తప్పంతా మీది కాదని నాకు తెలుసు. 1912లో హషిమోటో అనే జపాను వైద్యుడు నలుగురు స్త్రీల మెడలలో చూసి రాసిన జబ్బే నాదీనట. బయటి శత్రువుల మీద పడవలసిన తెల్లకణాలు కంచే చేను మేసినట్టు మీ మీద పడి, ఏళ్ళ తరబడి కొరుక్కుతిన్నాయి. అప్పుడు మీరు కేక వేయలేదు, నొప్పి చూపలేదు, మిగిలిన కాస్తతోనే తాఖీదులకు జవాబు చెబుతూ నెట్టుకొచ్చారు. ఇంట్లో అలా నెట్టుకొచ్చేవాళ్ళను సోమరులనడం ఎంత అన్యాయమో నా కంటే ఎవరికి బాగా తెలుసు?

కాల్షియం ఇకమీదట రాత్రి భోజనం తరువాత. సీసా చోటు మార్చి, పెరుగు గిన్నె పక్కన పెట్టాను. ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పుడు 5.40, ఇప్పుడు 6.41. పాలు పొంగుతున్నాయి, ఉంటాను. మొదటి గుక్క దిగేటప్పుడు ఎలాగూ పైకి లేచి చూస్తారు గదా.

ఇట్లు,
తమరి యజమానురాలో, గుమాస్తానో ఇంకా తేలని
విధేయురాలు