ప్లేట్లు తీయకుండా బై-యాంపింగా?

ఏ గ్రూపు తెరిచినా బై-యాంపింగ్ మీద అదే మెసేజ్. అంటే ఒకే స్పీకర్‌లోని ఊఫర్‌కు (బేస్ వినిపించే పెద్ద డ్రైవర్) ఒక ఆంప్లిఫయర్ (ఆంప్), ట్వీటర్‌కు (సన్నటి స్వరాలు వినిపించే చిన్న డ్రైవర్) ఇంకొకటి పెట్టడం. "స్పీకర్ వెనక నాలుగు టెర్మినల్స్ ఉండి ఒకే ఆంప్ వాడుతున్నారంటే సగం సౌండ్ వృథా" అని మొదలై, చిట్కాలన్నీ చెప్పి, "హై-ఫై ఉన్న ప్రతి ఒక్కరికీ పంపండి" అంటూ ముగుస్తుంది. పంపుతున్నవాళ్లలో సోల్డరింగ్ ఐరన్ పట్టడం వచ్చినవాళ్లు కూడా ఉండటమే ఒళ్లు మండిస్తోంది.

చిన్నవి ముందు తేల్చేద్దాం. "వెండి పూత కేబుల్ తప్పనిసరి." కాదు, తగినంత లావున్న రాగి వైరు చాలు. "వంద గంటలు బర్న్-ఇన్ చేయాలి." అంటే కొత్త సెట్‌ను ఊరికే వాయిస్తూ ఉంచడం. చేసుకోండి, కరెంటు బిల్లు మీదే.

అసలు ప్రమాదం ఇక్కడుంది: "టెర్మినల్స్ మధ్య ఉండే జంపర్ ప్లేట్లు తీయడం మీ ఇష్టం. ఉంచితే సౌండ్ ఇంకా గట్టిగా వస్తుంది." బాబూ, ఆ ప్లేట్లు ఎర్ర టెర్మినల్స్ రెండింటినీ, నల్లవి రెండింటినీ కలిపే లోహపు ముక్కలు. వాటిని ఉంచి రెండు ఆంప్‌లు తగిలిస్తే ఒకదాని ఔట్‌పుట్ నేరుగా రెండోదాని ఔట్‌పుట్‌కు కలిసిపోతుంది. రెండింటి ఔట్‌పుట్ ఇంపీడెన్స్ (కరెంటుకు లోపలి అడ్డు) కలిపి 0.1 ఓం అనుకోండి. వాటి మధ్య 1 వోల్ట్ తేడా వస్తే చాలు, 10 ఆంపియర్లు ఒక ఆంప్‌లోంచి ఇంకో ఆంప్‌లోకి పోతాయి. అదే 1 వోల్ట్ మీద 8 ఓమ్‌ల స్పీకర్ తీసుకునేది 0.125 ఆంపియర్. తేడా ఎందుకు రాకుండా ఉంటుంది? ఇదే మెసేజ్ ఇంకో చోట "ట్వీటర్‌కు ట్యూబ్, ఊఫర్‌కు ట్రాన్సిస్టర్" పెట్టుకోమంటోంది కదా! ఒకదాని గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) 26 డెసిబెల్స్ (డీబీ), ఇంకోదానిది 29 అయితే, ఒకే సిగ్నల్‌కు అది 10 వోల్ట్‌లు ఇచ్చేచోట ఇది 14 ఇస్తుంది. గట్టిగా వచ్చేది సౌండ్ కాదు, పొగ. ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉంటే బతికిపోతారు. లేకపోతే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లకు దండం పెట్టుకోండి.

"ఎర్రది తీసేశాను, నల్లది ఎలాగూ గ్రౌండే కదా" అనే తెలివైనవాళ్లకు ఇంకో మాట. టీపీఏ3116, టీపీఏ3255 లాంటి క్లాస్-డి చిప్‌లతో వచ్చే బోర్డుల్లో చాలావరకు బ్రిడ్జ్ పద్ధతిలో నడుస్తాయి. వాటిలో నల్ల టెర్మినల్ గ్రౌండ్ కాదు, అక్కడా ఔట్‌పుట్ ఉంటుంది. రెండు చానళ్ల నల్ల టెర్మినల్స్ కలిపితే మళ్లీ అదే కథ. రెండు ప్లేట్లూ తీయండి. తీశాక మీటరు పెట్టి చూసి, ఆ తర్వాతే ఆంప్ ఆన్ చేయండి.

"50 వాట్లు ప్లస్ 50 వాట్లు, మొత్తం 100." కాగితం మీద కూడిక బానే ఉంది. 8 ఓమ్‌లకు 50 వాట్లిచ్చే ఆంప్ పీక్‌లో సుమారు 28 వోల్ట్‌ల దాకే పోగలదు. స్పీకర్‌లోని పాసివ్ క్రాస్‌ఓవర్ (బేస్‌ను ఊఫర్‌కు, పై స్వరాలను ట్వీటర్‌కు పంచే ఫిల్టర్) అలాగే ఉన్నంతకాలం రెండు ఆంప్‌లకూ పాట మొత్తం వెళ్తుంది కాబట్టి రెండూ అక్కడే క్లిప్ అవుతాయి, అంటే వోల్టేజీ హద్దు తగిలి సౌండ్ చెదురుతుంది. మారేది కరెంటు పంపకం మాత్రమే. పోనీ నిజంగానే రెట్టింపైందనుకున్నా పెరిగేది 3 డీబీ. ఏవీ రిసీవర్‌లో బై-ఆంప్ మోడ్ అయితే ఇంకా విచిత్రం: ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే, దానికే ఇంకో రెండు నోళ్లు.

ఇక "చవకలో దొరికే యాక్టివ్ క్రాస్‌ఓవర్ ముందు పెట్టి, 1,000 హెర్ట్జ్ దగ్గర తిప్పి, చెవితో సరిచేసుకోండి." యాక్టివ్ అంటే ఆంప్‌ల కన్నా ముందే సిగ్నల్‌ను విడదీసేది. లోపలి క్రాస్‌ఓవర్ తీయకుండానేనా? అప్పుడు రెండు ఫిల్టర్లూ ఒకదాని మీద ఒకటి పడి స్లోపులు (వడపోత ఎంత నిటారుగా ఉందో), ఫేజు (తరంగాల సమయం) అన్నీ కలగాపులగం. తీసేసి పెడితే ఇంకా భయం. 2,500 హెర్ట్జ్ నుంచి పైకి వాయించడానికి తయారైన అంగుళం ట్వీటర్‌ను అంతే సౌండ్‌తో 1,250 దగ్గర వాయిస్తే డోమ్ నాలుగింతలు ఎక్కువగా కదలాలి. 1,000 అంటే దాన్ని కావాలని చంపడమే. పైగా కంపెనీ పెట్టిన క్రాస్‌ఓవర్ వడపోత ఒక్కటే చేయదు. ట్వీటర్ లెవల్ తగ్గిస్తుంది, క్యాబినెట్ ముందు పలక వల్ల వచ్చే తేడానూ సరిచేస్తుంది. అవన్నీ ఇప్పుడు మీ నెత్తిన పడతాయి. క్రాస్‌ఓవర్ కట్టడానికి లింక్‌విట్జ్, రైలీ అనే ఇంజనీర్ల పద్ధతి 1976 నుంచీ ఉంది. 24 డీబీ స్లోపులో రెండు డ్రైవర్లూ క్రాస్‌ఓవర్ పాయింట్ దగ్గర 6 డీబీ తగ్గి, కలిస్తే సమంగా వస్తాయి. కానీ అది డ్రైవర్లతో కలిపి కొలిస్తే రావాలి, నాబ్ మీద రాసి ఉంటే చాలదు. కొలత మైకు, డీఎస్పీ (సిగ్నల్‌ను డిజిటల్‌గా సరిచేసే పరికరం) లేకుండా చెవితో తిప్పుతానంటే, ఈ వారం సుశీల గారి గొంతు బాగుంటుంది, వచ్చే వారం ఘంటసాల గారికి జలుబు చేస్తుంది.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. "ట్వీటర్‌కు చిన్న ఆంప్ చాలు" అన్నది నిజం. పాసివ్ క్రాస్‌ఓవర్ ఉన్నప్పుడు కాదు, ఎందుకంటే ఆ చిన్న ఆంప్ కూడా బేస్ వోల్టేజీ అంతా మోయాలి. సరిగ్గా కట్టిన యాక్టివ్ సెటప్‌లో మాత్రం ఊఫర్‌కు 100 వాట్లు, ట్వీటర్‌కు 25 వాట్లు హాయిగా సరిపోతాయి. అక్కడ వాట్లు కాదు, హిస్ (స్స్ మనే రొద) తక్కువగా ఉన్న ఆంప్ చూసుకోండి, మధ్యలో తగ్గించే రెసిస్టర్లు ఉండవు గనుక ప్రతి చిన్న నాయిసూ వినిపిస్తుంది. ఆన్ చేసినప్పుడు వచ్చే దెబ్బ నుంచి కాపాడటానికి ట్వీటర్‌కు సీరీస్‌లో ఒక కెపాసిటర్ పెట్టండి. 8 ఓమ్‌లకు 20 మైక్రోఫారడ్‌లంటే సుమారు 1,000 హెర్ట్జ్, మీ క్రాస్‌ఓవర్ కన్నా బాగా కిందే. అలా కట్టిన సెట్‌లో డప్పు దెబ్బకు ఊఫర్ ఆంప్ క్లిప్ అయినా ఆ చెత్త ట్వీటర్ దాకా రాదు.